హంతకుని పక్షమున సాక్ష్యము పలికిన వైద్యుడు

ద్రౌపదీదేవి కథ మన యిండ్లలో ఎరుగనివారు లేరు. నిదురించుచున్న తన బిడ్డలను చంపిన అశ్వత్థామను అర్జునుడు పెడరెక్కలు విరిచి కట్టి తెచ్చి ముందు పడవేయగా, ఆ తల్లి వానిని విడిచిపెట్టుమని వేడుకొనెను. కడుపుకోత యెట్టిదో తానెరుగును గనుక, అది మరియొక తల్లికి కలుగరాదని ఆమె తలంపు. భాగవతములో ఆ ఘట్టము వచ్చినపుడెల్ల చదువువారి గొంతు గద్గదమగును. అది క్షమాగుణము.

క్షమకంటె వేరైనది, దానికంటె కష్టమైనది మరియొక గుణము కలదు. తనకు కీడు చేసినవానిని చూచి, కోపమును జాలిని రెంటిని ప్రక్కన బెట్టి, వాడు చేసినదానికి వాడెంతవరకు బాధ్యుడో న్యాయముగా తూచి చెప్పుట యది. సుఖముగా కూర్చుండి పరుల తగవు తీర్చుచున్నపుడే అది మనకు సాధ్యము కాదు. దేహములో తుపాకిగుండ్లు దిగి నెత్తురు కారుచుండగా అట్లు తూచి చెప్పిన వైద్యుడొకడు అమెరికా దేశమున నుండెను. ఆయన పేరు డేవిడ్ రామ్సే. ఆయన చరిత్రమును, ఆయన గృహమును దిద్దిన యొక విదుషి చరిత్రమును ఈ మాసమున మా సోదరీమణులకు చెప్పదలచితిమి.

బాల్యము, విద్య

రామ్సే 1749వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి లాంకాస్టరు ప్రాంతమున జన్మించెను. తండ్రి ఐర్లండు నుండి వలస వచ్చి సేద్యము చేసికొని బ్రతుకుచుండిన సామాన్యుడు. కలిమి లేకున్నను ఆ యింట చదువునందు ఆదరముండెను. బాలుడు న్యూజెర్సీ కళాశాలలో (నేటి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము) చదివి, 1765లో పదునారేండ్ల వయస్సుననే పట్టము పుచ్చుకొనెను. పిదప కొంతకాలము పిల్లలకు చదువు చెప్పి, ఫిలడెల్ఫియా నగరమున వైద్యవిద్య నభ్యసించెను. అచ్చట ఆయనకు గురువు, మిత్రుడు నైనవాడు బెంజమిన్ రష్. ఈ పేరు చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. కథ చివర దీనితో మనకు పని కలదు.

విద్య ముగిసిన పిమ్మట రామ్సే దక్షిణ దిశకు తరలి, దక్షిణ కరోలినాకు అప్పటి ముఖ్యపట్టణమైన చార్లెస్టన్ రేవున స్థిరపడెను. అది వరి, నీలిమందు ఎగుమతి చేయుచు ధనముతో తులతూగుచుండిన పట్టణము. ఆ ధనమంతయు ఆఫ్రికానుండి ఓడలలో తెచ్చి అమ్మిన బానిసల చెమట వలన పుట్టినది. చుట్టును బురదనేలలు, దోమలు, ఏటేట జ్వరములు. వైద్యునికి పని లేని దినము లేదు.

ఆయన తెల్లవారకమునుపే లేచెడివాడనియు, రాత్రి నాలుగు గంటలకంటె నెక్కువ నిదురించెడివాడు కాడనియు ఆయనను ఎరిగినవారు వ్రాసియున్నారు. పగలు రోగుల యొద్ద తిరుగుట, వేకువను రాత్రియు గ్రంథరచన. ఇది ఆయన నిత్యవిధి.

దేశసేవ

అమెరికా స్వాతంత్ర్య సమరము వచ్చినపుడు రామ్సే సేనలో శస్త్రవైద్యుడుగా పనిచేసెను. 1780వ సంవత్సరము మే 12వ తేదీన చార్లెస్టన్ ఆంగ్లసేనకు లొంగిపోయెను. ఆ వేసవిలోనే ఆంగ్లేయులు పట్టణపు ప్రముఖులను కొందరిని పట్టి, ఫ్లారిడాలోని సెయింట్ అగస్టీన్ అను చోటికి ఓడలో పంపి నిర్బంధించిరి. వారిలో రామ్సే యొకడు. సుమారు పదునొకండు నెలలు అచ్చట గడపెను.

విడుదలయైన పిదప ఆయన ఖండ కాంగ్రెసు సభకు ప్రతినిధి యయ్యెను. 1785 నవంబరు మొదలు 1786 మే వరకు, అధ్యక్షుడైన జాన్ హాన్‌కాక్ రాజాలకపోగా, ఆ సభ కగ్రాసనమున నుండి కార్యములు నడిపినవాడు రామ్సేయే. 1785లో దక్షిణ కరోలినా విప్లవ చరిత్రమును, 1789లో అమెరికా విప్లవ చరిత్రమును ప్రకటించెను. ఆ 1789లోనే, తన గ్రంథములను ఇతరులు ముద్రించుకొని అమ్ముకొనకుండ తనకు హక్కు కలిగింపుమని క్రొత్తగా నేర్పడిన కాంగ్రెసుకు విజ్ఞాపన మంపెను. మరుసటి యేట ఆ దేశమున గ్రంథస్వామ్యపు శాసనము పుట్టినది. అయితే ఆయన చరిత్రలలో పెక్కుభాగములు అన్యుల వ్రాతలనుండి యథాతథముగా ఎత్తుకొన్నవని ఇరువదవ శతాబ్ది మొదట పండితులు చూపిరి. గొప్పవారి చరిత్రము చెప్పునపుడు ఇట్టివి దాచుట తగదు గనుక చెప్పితిమి.

బానిసత్వము విషయమునను అంతే. యౌవనమున ఆయన దానిని నిరసించెను. 1788లో కాంగ్రెసు ఎన్నికకు నిలిచినపుడు, ఉత్తరదేశమువాడనియు, బానిసలను విడిపింపగోరువాడనియు ప్రత్యర్థులు చాటింపగా ఓడిపోయెను. ఆ పిమ్మట ఆయన కంఠము క్రమముగా మెత్తబడినది. తాను బ్రతుకుచున్న సంఘము నెదిరించి తుదివరకు నిలుచుట ఆయనకును సాధ్యము కాలేదు.

మార్తాదేవి

ఆయన గృహజీవితము దుఃఖముతో నారంభించెను. 1775లో సబీనా ఎల్లిస్ అను కన్యను పెండ్లాడగా, మరుసటి యేడే ఆమె మరణించెను. 1783లో ఫ్రాన్సెస్ విథర్‌స్పూన్ అను నామెను పెండ్లాడెను. ఆమె స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసిన జాన్ విథర్‌స్పూన్ కుమార్తె. ఆమెయు మరుసటి యేట ఒక మగబిడ్డను కని కన్నుమూసెను. 1787లో మార్తా లారెన్సు ఆ యింట గృహిణిగా అడుగుపెట్టినది. ఆమె తన సవతి కుమారుని తన బిడ్డలతో సమానముగా పెంచెను.

మార్తా కథ పుట్టుకతోడనే వింతగా మొదలైనది. ఆమె 1759 నవంబరులో జన్మించెను. మరుసటి యేట చార్లెస్టన్‌లో మశూచి చెలరేగగా ఆ పసిబిడ్డకును సోకినది. బిడ్డ చనిపోయినదని యెంచి, ఖననమునకు సిద్ధపరచి, తెరచిన కిటికీ చెంత పరుండబెట్టిరి. చల్లని గాలి తగిలి ప్రాణము తెప్పరిల్లినది. వచ్చి చూచిన వైద్యుడు బిడ్డ బ్రతికియున్నదని చెప్పెను. రోగిగదికి గాలి సోకనీయక తలుపులన్నియు బిగించుట ఆ కాలపు ఆచారము. మూసిన గది చంపబోయిన బిడ్డను తెరచిన కిటికీ బ్రతికించినది.

ఆమె తండ్రి హెన్రీ లారెన్సు గొప్ప వర్తకుడు. ఖండ కాంగ్రెసునకు అధ్యక్షత వహించినవాడు. ఆంగ్లేయులచే చిక్కి లండను బురుజులో చెరసాల ననుభవించినవాడు. బానిసల వర్తకమున విశేషధన మార్జించినవాడు కూడ. ఆయన 1792 డిసెంబరులో మరణించునపుడు తన శరీరమును పండ్రెండు గజముల ముతకగుడ్డలో చుట్టి దహింపవలెనని మరణశాసనమున వ్రాసెను. క్రైస్తవులకు అది కనివిని యెరుగని సంగతి. అమెరికాలోని శ్వేతజాతీయులలో విధిగా దహనసంస్కారము పొందిన మొదటివారిలో ఆయన యొకడు. ప్రాణముండగానే పాతిపెట్టుదురేమో యను భీతి, పసిబిడ్డ మార్తాకు తప్పిన గండము వలన ఆయన మనస్సున నాటినదని చెప్పుదురు. మన కిది నిత్యాచారమైనను, ఆ దేశమున ఒక తండ్రి బిడ్డను తలచుకొని కోరుకొన్న కోరికగా దీనిని చూచినపుడు మనస్సు కదలును.

మార్తా మూడేండ్లకే చదువ నేర్చినది. యౌవనమున ఇంగ్లండులోను, ఫ్రాన్సులోని విగాన్ అను నూరిలోను రోగియైన పినతండ్రికి శుశ్రూష చేయుచు పదేండ్లు గడపెను. తండ్రి తనకు కానుకగా పంపిన ధనముతో నగలు చేయించుకొనలేదు. ఆ యూరి పేదలకు వేదగ్రంథములు కొని పంచి, పిల్లలకు పాఠశాల పెట్టించెను. వివాహమైన తరువాత పదునొక్కరు బిడ్డలను కనెను. వారిలో ఎనమండుగురు దక్కిరి. పిల్లలకు తానే చదువు చెప్పెను. కుమారులను కళాశాలకు సిద్ధపరచుటకై లాటిను, గ్రీకు భాషలను తాను ముందు నేర్చుకొని పిదప వారికి నేర్పెను. భర్త గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాసి పెట్టుటయు ఆమె పనియే.

కష్టములు ఆ యింటిని విడువలేదు. శాంటీ, కూపరు నదులను కలుపుటకు 1793లో త్రవ్వనారంభించిన యిరువదిరెండు మైళ్ల కాలువలో రామ్సే విశేషముగా ధనము పెట్టెను. 1800లో కాలువ ముగిసినది గాని పెట్టుబడి తిరిగి రాలేదు. 1798నాటికే ఆయన అప్పులలో మునిగి దివాలా యెత్తెను. భార్యకు పుట్టింటినుండి వచ్చిన ఆస్తియు కరగిపోయినది. ఈ యేండ్లలో మార్తా తన మనోవేదనను దినచర్య పుస్తకమున రహస్యముగా వ్రాసికొనుచుండెను. అట్టి పుస్తక మొకటి కలదని భర్తకే తెలియదు. 1811 జూనులో మరణశయ్యపై నుండి, అది యే సొరుగులో నున్నదో చెప్పి, కుటుంబమువారందరి యుమ్మడి సొత్తుగా నుంచుకొమ్మని కోరెను. జూన్ 10వ తేదీన ఆమె మరణించెను. ఆ వ్రాతలను జోడించి రామ్సే ఆ యేడే ఆమె జీవితచరిత్రమును ప్రకటించెను. ఇరువదినాలుగేండ్లు ఒక కప్పు క్రింద కాపురముండి, భార్య మనస్సులోని బాధను ఆమె సొరుగు తెరచిననాడు గాని ఎరుగలేకపోయిన భర్త స్థితిని మా సోదరీమణులు తామే యూహించుకొందురు గాక.

వైద్యుడుగా ఆయన

1789 డిసెంబరులో దక్షిణ కరోలినా వైద్యసంఘము స్థాపితమైనపుడు దానిని స్థాపించినవారిలో రామ్సే యొకడు. 1800 జనవరి 1వ తేదీన ఆ సంఘమున, గడచిన శతాబ్దమున వైద్యశాస్త్రము పొందిన యభివృద్ధిని గూర్చి ఉపన్యసించెను. ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు కనిపెట్టిన మశూచి టీకాను 1802లో చార్లెస్టన్‌లో ప్రవేశపెట్టుటకు పాటుపడెను. మశూచి వాత పడి తిరిగి బ్రతికిన భార్య యింట నుండగా ఆయనకు ఆ టీకా విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. ఆ 1802లోనే మన బొంబాయి నగరమునకును ఆ టీకా వచ్చి చేరినది.

ఆయన గురువగు రష్ మానసిక రోగములపై 1812లో ఒక గ్రంథము ప్రకటించెను. పిచ్చి దయ్యము వలన గాని పాపము వలన గాని వచ్చునది కాదు, జ్వరమువలె అదియు రోగమే యని ఆ గ్రంథసారము. రష్ చేసిన చికిత్సలలో నెత్తురు తీయుట మొదలగునవి నేడు హానికరములని తేలినవి గాని, ఈ మూలసూత్రము మాత్రము నిలిచినది. 1813లో రష్ మరణింపగా, శిష్యుడైన రామ్సే గురుస్తుతి చేయుచు చార్లెస్టన్‌లో ప్రసంగించెను. రెండేండ్లు తిరుగకమునుపే ఆ గురువు పాఠమునకు ఆయన తన ప్రాణముతో పరీక్ష యిచ్చుకొనవలసి వచ్చినది.

1815 మే 6

ఆ పట్టణమున విలియం లినెన్ అను దర్జీ యుండెను. వ్యాజ్యములలో ఓడి, తన వకీలు, న్యాయాధిపతులు, జూరీలు అందరును తనపై కుట్ర పన్నిరని అతడు నమ్మెను. శాసనసభకు అర్జీలు పెట్టెను. తుదకు తన వకీలునే చంపబూని గాయపరచెను. అతనిని చెరలో నుంచి, మతి నిలుకడగా నున్నదో లేదో పరీక్షింపుమని న్యాయస్థానమువారు ఇరువురు వైద్యులను నియమించిరి. ఒకడు రామ్సే, రెండవవాడు బెంజమిన్ సైమన్స్. అతడు ఉన్మాదియే యనియు, స్వేచ్ఛగా విడుచుట అపాయకరమనియు ఇరువురును చెప్పిరి.

ఆనాడు దక్షిణ కరోలినాలో ఉన్మాదులకు ప్రత్యేక వైద్యశాల లేదు. అట్టిదానికి శాసనము 1821లో వచ్చినది. కొలంబియా పట్టణమున అది తలుపులు తెరచినది 1828లో. అందుచేత లినెన్‌ను చెరసాలలోనే యుంచిరి. కొంతకాలమునకు అతడు నెమ్మదించినట్లు కనబడగా విడిచిపెట్టిరి. బయట నెమ్మదిగానే మెలగెను గాని, తనకు విరోధముగా కుట్రలో చేరిన వైద్యులను చంపుదునని మాత్రము ఒకరిద్దరితో అనెను. ఆ మాట రామ్సే చెవిని పడినది. ఆయన లక్ష్యపెట్టలేదు.

మే 6వ తేదీ శనివారము. మధ్యాహ్నము సుమారు ఒంటిగంటవేళ రామ్సే బ్రాడ్ వీధిలో నడచుచుండెను. ఆయన యిల్లు కనుచూపు మేరలోనే యున్నది. లినెన్ ఎదురుపడి, ప్రక్కగా దాటిపోయి, రుమాలులో దాచిన పెద్ద పిస్తోలు తీసి వెనుకనుండి కాల్చెను. అందులో మూడు గుండ్లు కూరియుండెను. ఒకటి చొక్కాయి చీల్చుకొని పోయినది. ఒకటి తుంటిలో దూరినది. మూడవది నడుమున, మూత్రపిండముల చెంత దిగి లోపలనే నిలిచిపోయినది.

ఆయనను ఇంటికి మోసికొని పోయిరి. జనము గుమిగూడిరి. అప్పుడాయన చుట్టునున్నవారిని ఉద్దేశించి పలికిన దాని సారమిది: తాను మరణమునకు భయపడుట లేదు, మరణమే ప్రాప్తించినచో, ఈ పని చేసిన దురదృష్టవంతుడు ఉన్మాదియనియు, అతనియందు దోషము లేదనియు తాను భావించుచున్నట్లు అందరును సాక్షులు కావలెను.

మే 8వ తేదీ సోమవారము ప్రాతఃకాలము ఏడుగంటలకు ఆయన మరణించెను. అప్పటికి వయస్సు అరువదియారేండ్లు.

తలంచుకొనదగిన సంగతులు

ఆయన పలికిన మాటను క్షమ యని చెప్పిన చాలదు. నేరము చేసినవానిని క్షమింతుము. ఇచ్చట ఆయన నేరమే లేదనెను. అది వైద్యుని తీర్పు. ఆరోగ్యముగా నున్నపుడు న్యాయస్థానమున ప్రమాణము చేసి చెప్పిన మాటను, గుండు దిగిన పిదప మార్చుకొనలేదు. కోపము వచ్చినపుడు మన సిద్ధాంతములెన్ని నిలుచును? పనిమనిషి గిన్నె పగులగొట్టిన మాత్రముననే, ఆమెకు జ్వరముగా నున్నదని ప్రొద్దున మనమే అనిన మాట మరచిపోవుదుము గదా.

అయినను ఒక సంగతి మేము దాటవేయలేము. బెదరింపు చెవిని పడినపుడు ఆయన ఏల జాగ్రత్తపడలేదు? తల్లి లేని పిల్లల యింటికి ఆయన యొక్కడే ఆధారము. అప్పులింకను తీరలేదు. ఆ దర్జీ రోగము అపాయకరమని న్యాయస్థానమునకు చెప్పినవాడు, ఆ మాటను తన విషయమున మాత్రము మరచెను. పరుల ప్రాణమును కాపాడుటలో ఆరితేరినవారు తమ ప్రాణమును తేలికగా చూచుట పెక్కిండ్లలో మనము చూచుచున్నదే. ధైర్యము మెచ్చదగినదే, ఇంటనున్నవారి కొరకై ఒకింత భయపడుటయు ధర్మమే.

ఇక లినెన్ సంగతి. ఆయన చికిత్స లేక చెరలో నుంచబడి, చికిత్స లేకయే విడువబడెను. నెమ్మదిగా కనబడుటయే రోగము కుదురుట యని అధికారులు తలంచిరి. కాచి చూచువారు, కనిపెట్టి యుండువారు ఎవరును లేకపోయిరి. ఆ గుండ్లను ప్రేల్చినది ఒక్క లినెన్ చేయి మాత్రమే కాదని మాకు తోచుచున్నది.

ఇంగ్లండులో 1843నాటి మెక్‌నాటన్ వ్యవహారము తరువాత, మతి చలించి తాను చేయుచున్నదేమో యెరుగనివాడు శిక్షార్హుడు కాడను నియమము న్యాయశాస్త్రమున స్పష్టపడెను. ఆ నియమమే 1860నాటి మన భారత శిక్షాస్మృతి 84వ విభాగమున చేరినది. 2024 జులై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో అది 22వ విభాగముగా నిలిచియున్నది. రామ్సే గాయపడి పలికిన మాట ఆ నియమమునకు ఇరువదియెనిమిదేండ్లు ముందటిది.

చట్టము మారినను ఇండ్లు మారవలసియున్నవి. ఇంటిలో ఎవరైనను లేనిపోని శంకలు పెట్టుకొనుచున్నను, అందరును తనపై పగబట్టిరని అనుచున్నను, దానిని పొగరనియో గాలి సోకినదనియో అనుకొని కొట్టుట, కట్టివేయుట, పరువు పోవునని దాచుట నేటికిని అచ్చటచ్చట కలదు. మతి చలించినవారిలో మిక్కిలి తక్కువమంది మాత్రమే ఇతరులకు కీడు చేయుదురు. వారే ఇతరులచేత కీడు పొందుట ఎక్కువ. చికిత్స కలదు. 2017నాటి మానసిక ఆరోగ్య చట్టము ఆ చికిత్సను ప్రజల హక్కుగా చెప్పుచున్నది. వేళకు వైద్యుని చూపించుటయు, నెమ్మదించిన పిదప కూడ మందు మానకుండ కనిపెట్టి యుండుటయు ఇంటివారి విధి. ఇట్టి మార్పులను మొట్టమొదట గుర్తించునది తరచుగా ఇంటి యిల్లాలే.

చనిపోయినదని కిటికీ చెంత పెట్టిన బిడ్డను చల్లగాలి బ్రతికించినది. మతి తప్పినవానికి కూడ మనము తలుపులు బిగింపక ఒక కిటికీ తెరచి యుంచవలెను. డాక్టరు రామ్సే తుదిమాటను మేమిట్లు అర్థము చేసికొంటిమి.